బట్టమేక పిట్ట, సోలార్ ప్లేట్లు, మా నాలుగెకరాలు

నాకు సోలార్ అంటే ఇష్టం. వేట అంటే పడదు. వార్తలు చదవడం మెస్‌లో అన్నం తింటూ చేసే పని. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉందని ఇంటర్ దాకా నేను అనుకోలేదు. మూడింటినీ కలిపి నా నెత్తిన పెట్టింది ఒక పిట్ట. దాని పేరు బట్టమేక పిట్ట. ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్. ఆ పేరు వినగానే నవ్వే వాళ్ళు ఇప్పుడే నవ్వేసి రండి. మన జాతీయ పక్షిగా దీన్ని పెట్టాలని పక్షిశాస్త్రవేత్త సలీం అలీ అడిగారట, స్పెల్లింగ్ కొంచెం అటూ ఇటూ అయితే బూతు అవుతుందని వెనక్కి తగ్గి 1963లో నెమలిని పెట్టారని ఒక కథ చెప్తారు. ఆ కథలో నిజం ఎంతో గానీ, పేరు వల్ల నష్టపోయిన పిట్ట అంటే నాకు మాత్రం ఎక్కడో ప్రేమ కలిగింది.

మాది నంద్యాల జిల్లా. మా ఊరి నుంచి రోళ్ళపాడు బస్సులో గంట దూరం. రోళ్ళపాడులో 1988లో ప్రభుత్వం ఒక అభయారణ్యం పెట్టింది, ముఖ్యంగా ఈ పిట్ట కోసమే. అభయారణ్యం అనగానే పెద్ద చెట్లు, పులి, జలపాతం ఊహించుకోకండి. ఆరు చదరపు కిలోమీటర్ల గడ్డి నేల. అంతే. దూరం నుంచి చూస్తే ఎవరో పంట వెయ్యకుండా వదిలేసిన బీడు లాగా ఉంటుంది. ఇంటర్ సెకండియర్ అయ్యాక సెలవుల్లో నేనూ మా చిన్నాయన కొడుకూ బండి మీద పోయినాం. కృష్ణజింకలు కనిపించాయి, గుంపులు గుంపులుగా. బట్టమేక మాత్రం బోర్డు మీద పెయింటింగ్‌లో కనిపించింది. పెయింటింగ్ కూడా ఎండకి వెలిసిపోయింది.

మీటరు ఎత్తు ఉంటుందండీ అది. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగే పక్షుల్లో అంత బరువైనవి ప్రపంచంలోనే చాలా తక్కువ. మామూలుగా ఏడాదికి ఒకే గుడ్డు, అదీ చెట్టు మీద కాదు, నేల మీద. కుక్క తినొచ్చు, నక్క తినొచ్చు, గొర్రెల మంద తొక్కొచ్చు. ఇప్పుడు దేశం మొత్తమ్మీద అడవిలో మిగిలినవి 150కి లోపే. అందులో దాదాపు అన్నీ రాజస్థాన్ జైసల్మేర్ వైపు ఉన్నాయి. మా సెక్షన్లో 66 మందిమి. అంటే మా రెండు సెక్షన్లకి కాస్త ఎక్కువ. ఈ లెక్క వేసుకున్న రోజు నాకు నిజంగా నిద్ర సరిగా పట్టలేదు.

మా జేజినాయన వీటిని చూశాడు. చూడటమే కాదు, చచ్చిన దాన్ని మోశాడు కూడా. అప్పుడాయనకి పదేళ్ళు ఉంటాయేమో. జీపుల్లో ఆఫీసర్లు వచ్చేవాళ్ళట వేటకి. జీపు చూసి ఈ పిట్ట పెద్దగా భయపడదు, ఎడ్లబండ్లూ మనుషులూ అలవాటే కదా. దగ్గరికి పోనిచ్చి కాల్చేవాళ్ళు. ఊళ్ళో పిల్లకాయలు నీళ్ళ కుండ మోసినందుకు, పడిన పిట్టని తెచ్చి ఇచ్చినందుకు తలా ఒక అణా. "రెక్కలు పట్టుకోని ఈడ్చుకుంటా తెచ్చినా రా, మెడ నేల మీద గీరుకుంటా వచ్చినాది" అని చెప్తాడు. ఆయన దాన్ని పాపంగా చెప్పడు, గొప్పగా చెప్పడు. మొన్న వాన పడింది అన్నట్టు చెప్తాడు. బట్టమేక అని ఎందుకంటారని అడిగితే జేజినాయన ఒక కథ, అవ్వ ఇంకో కథ చెప్తారు, రెండింట్లో ఏది కరెక్టో వాళ్ళిద్దరూ యాభై ఏళ్ళుగా తేల్చుకోలేదు.

ఆ జీపు ఆఫీసర్లు కొత్తవాళ్ళేం కాదు. 1800ల మొదట్లో దక్కన్‌లో ఒక దొర ఒక్కడే వెయ్యి బస్టర్డ్‌లు కాల్చాడని కల్నల్ సైక్స్ రాసిపెట్టాడు. వెయ్యి! ఇప్పుడు దేశం మొత్తం వెతికినా అందులో ఆరో వంతు దొరకవు. వేట అంటే నాకు పడకపోవడానికి ఇది ఒక కారణం. తినడానికి కొట్టుకోవడం వేరు, లెక్క పెంచుకోవడానికి కొట్టడం వేరు. చెంచులు కుందేలు పట్టుకుని తిన్నందుకు కేసు పెట్టి, గోడ మీద జింక తలకాయ వేలాడదీసుకున్న బంగళాలని హెరిటేజ్ హోటల్ అని పిలుచుకునే దేశం మనది.

మా రూమ్‌మేట్ దీనికి ఒప్పుకోడు. వాడి పాయింటు ఏంటంటే, డబ్బులు తీసుకుని వేట పెడితే ఆ డబ్బుతోనే జంతువుల్ని కాపాడొచ్చు, ఆఫ్రికాలో అలానే చేస్తున్నారు అని. బోట్స్వానా 2019లో ఏనుగుల వేట మీద నిషేధం ఎత్తేసింది. 2024లో జర్మనీ వాళ్ళు వేట ట్రోఫీల దిగుమతి మీద రూల్స్ బిగిస్తామంటే, అప్పటి బోట్స్వానా ప్రెసిడెంట్ "అయితే మీకు ఇరవై వేల ఏనుగులు పంపిస్తా, మీరే వాటితో బతకండి" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది, ఒప్పుకుంటా. ఏనుగు పొలంలో పడితే ఎలా ఉంటుందో పార్వతీపురం మన్యం రైతుకి తెలుసు, బెర్లిన్‌లో కూర్చున్న వాడికి తెలీదు. కానీ బోట్స్వానాలో ఏనుగులు లక్ష దాటి ఉన్నాయి. మన పిట్టలు మా రెండు సెక్షన్లంత. లక్ష ఉన్న చోట పనిచేసే లెక్క నూట యాభై ఉన్న చోట ఎలా పనిచేస్తుంది? ఇంతకంటే వాడితో వాదించలేదు, ఎందుకంటే పొద్దున్నే డీబీఎంఎస్ ల్యాబ్ ఉంది.

సరే, వేట సంగతి 1972లో తేలిపోయింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. బట్టమేక మొదటి షెడ్యూల్లో ఉంది, అంటే పులికి ఎంత రక్షణో దీనికీ అంతే. ఇప్పుడెవరైనా దాన్ని కాలిస్తే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. కథ ఇక్కడ సుఖాంతం కావాలి. కాలేదు. తుపాకీ పోయి తీగ వచ్చింది.

ఈ పిట్టకి కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. పక్కలు బాగా కనిపిస్తాయి, ఎదురుగా సరిగ్గా కనిపించదు. ఎగిరేటప్పుడు కిందకి చూస్తూ పోతుంది. పైగా బరువు. తీగ కనిపించేసరికి అది తీగ మీద ఉంటుంది, బైకు లాగా సర్రున తిప్పుకోలేదు, లారీ లాగా పోయి గుద్దుకుంటుంది. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు థార్ ఎడారిలో 4,200 చదరపు కిలోమీటర్లలో లెక్క కట్టారు. కరెంటు తీగల వల్ల అన్ని రకాల పక్షులూ కలిపి ఏడాదికి సుమారు 84,000 చస్తున్నాయి. అందులో బట్టమేకలు 18 దాకా. నూట యాభైలో పద్దెనిమిది! ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టేది ఆ లోటు ఎక్కడ పూడుస్తుంది?

ఆ తీగలు అక్కడికి ఎందుకు వచ్చాయంటే సోలార్, విండ్ కోసం. జైసల్మేర్‌లో ఎండ ఉంది, గాలి ఉంది, మనుషులు తక్కువ. కరెంటు అక్కడ పుడుతుంది, వాడే వాళ్ళు ఢిల్లీలోనో జైపూర్‌లోనో ఉంటారు. మధ్యలో తీగ.

ఇక్కడ నాకు ఇబ్బంది మొదలైంది. ఎందుకంటే నేను సోలార్ పార్టీ. మా జిల్లాలోనే గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, దాదాపు ఆరు వేల ఎకరాలు. 2017లో పూర్తయినప్పుడు ఒకే చోట ఉన్న సోలార్ పార్కుల్లో ప్రపంచంలోనే అతి పెద్దది. స్కూల్లో ఉన్నప్పుడు బస్సులో ఓర్వకల్లు వైపు పోతుంటే నల్లగా చెరువు లాగా మెరిసేది, మాకు గర్వంగా ఉండేది. మా వైపు గర్వపడటానికి ఫ్యాక్షన్ సినిమాలు తప్ప ఇంకోటి ఉందని. ఆ పక్కనే పిన్నాపురంలో ఇంకో పెద్ద ప్రాజెక్టు వచ్చింది. పగలు సోలార్ కరెంటుతో నీళ్ళు పై రిజర్వాయర్‌కి ఎక్కిస్తారు, రాత్రి కిందకి వదిలి టర్బైన్లు తిప్పుతారు, 1,680 మెగావాట్లు. గుట్టనే బ్యాటరీ చేశారన్నమాట. ఇంజనీరింగ్ అంటే అది. మేము జావాలో లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ చేస్తున్నాం, ఎనిమిదో బ్యాచ్.

దేశం లెక్క కూడా చెప్తా. 2030కి బొగ్గు, గ్యాస్ లాంటివి కాకుండా 500 గిగావాట్లు పెట్టాలని మన టార్గెట్. 2025 మధ్యకే మొత్తం స్థాపిత సామర్థ్యంలో సగం దాకా వచ్చేశాం అని వార్త చూసి అందరం స్టేటస్‌లు పెట్టాం. అయితే సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. సోలార్ ప్లేటు రాత్రి పడుకుంటుంది, బొగ్గు పడుకోదు. నిజంగా మన ప్లగ్గులోకి వచ్చే కరెంటులో ఇంకా డెబ్బై శాతం పైన బొగ్గుదే. అంటే ఆగే టైమ్ కాదు ఇది, ఇంకా చాలా పెట్టాలి. ఇక మన బ్రాంచి సంగతి. 2025 అక్టోబర్‌లో విశాఖకి గూగుల్ డేటా సెంటర్ అనగానే మా వాట్సాప్ గ్రూపులో ప్లేస్‌మెంట్ల గురించి రెండు వందల మెసేజ్‌లు వచ్చాయి. గిగావాట్ స్థాయి అని వార్తలోనే ఉంది. ఆ గిగావాట్ ఎవరి బీడు మీద నుంచి వస్తుందో ఒక్కరూ అడగలేదు. నేను అడిగితే "బ్రో చిల్" అన్నారు.

పిట్ట కోసం కోర్టుకి పోయిన పెద్దాయన గురించి చెప్పాలి. ఎం.కె. రంజిత్ సిన్హ్ రిటైర్డ్ ఐఏఎస్, గుజరాత్‌లోని వాంకనేర్ రాజకుటుంబం. 1972 చట్టం ముసాయిదా తయారుచేసిన వాళ్ళలో ముఖ్యుడు ఆయనే. వేటాడిన రాజుల వర్గం నుంచి వచ్చి వేటని ఆపిన చట్టం రాశాడు. యాభై ఏళ్ళ తర్వాత అదే మనిషి ఈ పిట్ట కోసం సుప్రీంకోర్టు మెట్లు ఎక్కాడు. 2021 ఏప్రిల్‌లో కోర్టు పెద్ద ఆర్డరే ఇచ్చింది: దాదాపు 99,000 చదరపు కిలోమీటర్లలో తక్కువ వోల్టేజీ తీగలన్నీ భూమి కిందకి పోవాలి, హై వోల్టేజీవి వీలైన చోటల్లా పోవాలి, మిగతా వాటికి పిట్టలకి కనిపించేలా తిరిగే బిళ్ళలు వేలాడదీయాలి.

వెంటనే కేంద్రం కుదరదంది. నేను మొదట అనుకున్నా, డబ్బు కోసం ఏడుస్తున్నారని. తర్వాత ఫస్టియర్ బేసిక్ ఎలక్ట్రికల్ నోట్స్ తీసి చూశా (ఆ సబ్జెక్టు జీవితంలో పనికొచ్చిన ఏకైక రోజు). పైన పోయే తీగకి గాలే ఇన్సులేషన్, గాలే చల్లబరుస్తుంది. భూమిలో పెడితే చుట్టూ ఇన్సులేషన్ పొర, దాని చుట్టూ మట్టి. ఆ కేబుల్ ఒక పొడుగాటి కెపాసిటర్ అయిపోతుంది. ఏసీ కరెంటు సెకనుకి యాభై సార్లు దాన్ని నింపి ఖాళీ చేస్తూ ఉండాలి. దూరం పెరిగే కొద్దీ కేబుల్ మోయగలిగిన కరెంటులో పెద్ద భాగం ఆ పనికే పోతుంది, అవతలి వైపు వాడుకోవడానికి మిగిలేది తగ్గిపోతుంది. పైగా అతుకులు, అతుకుల దగ్గర ఫాల్టులు, ఖర్చు చాలా రెట్లు. ఇంట్లోకి వచ్చే చిన్న తీగని పాతిపెట్టడం సులువు. 400 కేవీ లైనుని వంద కిలోమీటర్లు పాతిపెట్టడం వేరే సంగతి. కేంద్రం చెప్పిన దాంట్లో నిజం ఉంది.

2024 మార్చిలో కోర్టు తన ఆర్డర్‌ని మార్చుకుని నిపుణుల కమిటీ వేసింది. అదే తీర్పులో, వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణ కూడా పౌరుల హక్కేనని, రాజ్యాంగంలో 14, 21 అధికరణాల నుంచి అది వస్తుందని చెప్పింది. 2025 డిసెంబర్‌లో ఆ కమిటీ సిఫార్సుల్ని ఒప్పుకుంది. ఇప్పుడు గట్టి రక్షణ ఉండే ప్రాంతం రాజస్థాన్‌లో 14 వేల చదరపు కిలోమీటర్లు, గుజరాత్‌లో 740. తొంభై తొమ్మిది వేల నుంచి ఇక్కడికి వచ్చింది. పర్యావరణం వాళ్ళు తగ్గిపోయిందని బాధపడ్డారు. నాకు మాత్రం, నిజంగా అమలయ్యే పద్నాలుగు వేలు కాగితం మీది తొంభై తొమ్మిది వేల కంటే మేలనిపిస్తుంది. "నిజంగా అమలయ్యే" అన్న రెండు మాటల మీదే నా అనుమానమంతా. ఇంకో పక్క జైసల్మేర్ దగ్గర సమ్, రామ్‌దేవ్‌రాల్లో గుడ్లు పొదిగించి పెంచుతున్నారు. 2024 అక్టోబర్‌లో కృత్రిమ గర్భధారణ ద్వారా ఒక పిల్ల కూడా పుట్టింది. బాగుంది. కానీ ఆ పిల్ల పెద్దయ్యాక ఎగరాల్సింది అవే తీగల మధ్య.

నాకు అసలు కోపం "వేస్ట్‌ల్యాండ్" అనే మాట మీద. మన దగ్గర వేస్ట్‌ల్యాండ్ అట్లాస్ అని ఒక పుస్తకమే ఉంది, మన హైదరాబాద్‌లోని రిమోట్ సెన్సింగ్ సెంటర్ వాళ్ళు శాటిలైట్ బొమ్మలు చూసి తయారుచేసేది. తుప్పలు ఉన్న నేల కూడా అందులో వేస్ట్ కిందే లెక్క. చెట్లుంటే అడవి, పంటుంటే పొలం, రెండూ లేకపోతే వేస్ట్. అక్కడ మేసే గొర్రెలు, గొర్రెల వెనక మనిషి, గడ్డిలో గుడ్డు, వీటికి ఆ మ్యాపులో కలర్ లేదు. జైసల్మేర్‌లో ఒరణ్‌లని ఉంటాయి, దేవుడి పేరు మీద ఊరంతా కాపాడుకునే మేత నేలలు. వాటి మీద నుంచి సోలార్ లైన్లు పోతున్నాయని అక్కడి వాళ్ళు గొడవ చేస్తున్నారు. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాలప్పుడు మనమూ ఇదే చూశాం కదా. యూనివర్సిటీ వాళ్ళు అడవి అన్నారు, ప్రభుత్వం ఖాళీ స్థలం అంది. చివరికి సుప్రీంకోర్టు బుల్డోజర్లని ఆపాల్సి వచ్చింది. మన క్లబ్‌లో సగం మంది అప్పుడు నెమళ్ళ ఫోటోలు షేర్ చేశారు, అందులో కొన్ని ఏఐ బొమ్మలు. అసలు నెమళ్ళు ఉండగా ఆ దొంగ బొమ్మలెందుకో.

సోలార్ ఎక్కడ పెట్టాలి మరి? నా అభిప్రాయం, ముందు కప్పుల మీద. 2024లో పీఎం సూర్య ఘర్ పథకం కోటి ఇళ్ళకని మొదలుపెట్టారు. కప్పు మీద పుట్టిన కరెంటు కింద గదిలోనే ఖర్చవుతుంది, పొడుగాటి తీగ అక్కర్లేదు. తర్వాత నీళ్ళ మీద. రామగుండంలో ఎన్టీపీసీ వాళ్ళ రిజర్వాయర్ మీద 100 మెగావాట్లు తేలుతున్నాయి. మన హాస్టల్ డాబాలు మూడూ ఖాళీ, అక్కడ బట్టలు, మధ్యాహ్నం క్రికెట్ బంతులు తప్ప ఏమీ లేవు. అయితే కప్పులతో 500 గిగావాట్లు అయిపోతాయని అనను. నేల కావాలి. ఏ నేల అన్నదే ప్రశ్న.

అడగ్గా అడగ్గా ఆ ప్రశ్న మా ఇంటికే వచ్చింది. దసరా తర్వాత ఒక సోలార్ కంపెనీ తరఫున ఒకాయన మా ఊరికి వచ్చాడు. మా నాలుగెకరాలు, పక్క వాళ్ళవి కలిపి లీజుకి అడిగాడు. ఎకరాకి ఏడాదికి ముప్పై వేల చిల్లర, పాతికేళ్ళకి పైన అగ్రిమెంటు. వర్షాధారం భూమి అది. కొర్ర, కంది. మంచి ఏడాది అయితే ఖర్చులు పోను మిగిలేది అందులో సగం రాదు. మంచి ఏడాది మూడేళ్ళకోసారి వస్తుంది. లీజు డబ్బు వస్తే నా మిగతా రెండేళ్ళ ఫీజుకి అప్పు అక్కర్లేదు. చిన్నాయన సగం ఒప్పుకున్నట్టే. ఆయన్ని పూర్తిగా ఒప్పించింది డబ్బు కూడా కాదు, అడవిపందులు. నిరుడు కంది ఒక్క రాత్రిలో తొక్కేశాయి. పక్క ఊళ్ళో ఎవరో చేను చుట్టూ తీగ కట్టి కరెంటు వదిలితే పందికి బదులు వాళ్ళ ఎద్దే పోయింది. చాలా చోట్ల మనుషులే పోతున్నారు. దీన్ని వేట అంటారా, కాపలా అంటారా? తుపాకీ పట్టుకున్న వాడు కనీసం ఎదురుగా ఏముందో చూసి కాలుస్తాడు. తీగ ఎవర్నీ చూడదు, కట్టిన వాడు ఇంట్లో నిద్రపోతుంటాడు. జైసల్మేర్‌లో ఏడాదికి పద్దెనిమిది పిట్టల్ని చంపిన వాడు కూడా అలాగే ఏ పేరూ లేకుండా ఉన్నాడు. ఒక్క పిట్టని కాలిస్తే ఏడేళ్ళు, పద్దెనిమిదింటికి ఎఫ్ఐఆర్ లేదు.

లీజు సంగతి ఇంట్లో మాట్లాడుకుంటుంటే జేజినాయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నన్ను పిలిచి "ఆ తంబాలు యాడ నాటుతారంట?" అని అడిగాడు. ప్లేట్ల గురించి అడగలేదు, డబ్బు గురించి అడగలేదు. ఎందుకు జేజినాయనా అంటే, "వంక పక్క బీడు మీద నుంచి తీసకపోతారేమో అని. ఆడ నేను చిన్నప్పుడు రెండు పిట్టల్ని చూస్తి. ఇప్పుడు ల్యావు లే. అయినా ఆడ వద్దు" అన్నాడు. "ల్యావు గదా, మళ్ళెందుకు?" అని చిన్నాయన విసుక్కున్నాడు. ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఉంది, రోళ్ళపాడు గడ్డి నేల ఇంకా ఉందనీ, జైసల్మేర్‌లో పిల్లల్ని పెంచేది ఎప్పటికైనా పాత చోట్లకి పంపడానికేననీ. కానీ ఇది చిన్నాయనకి ఫీజు కట్టే జవాబు కాదని నాకూ తెలుసు.

అందుకని లీజుకి నేను అడ్డం చెప్పలేదు. చెప్పను కూడా. మా నాలుగెకరాలు దున్నిన పొలం, గడ్డి నేల కాదు. సోలార్ అక్కడ పెట్టకపోతే ఇంకెక్కడ పెడతారు? కాకపోతే చిన్నాయన ఫోన్‌లో ఒక కాగితం టైప్ చేసి పెట్టా, అది కూడా తెలుగులోనే, ఆయన చదివి అడగాలి కదా. ఐదు ప్రశ్నలు. అగ్రిమెంటు అయ్యాక పునాదుల సిమెంటు ఎవరు తీస్తారు, ప్లేట్లు కడగడానికి నీళ్ళు ఏ బోరు నుంచి, కంపెనీ చేతులు మారితే లీజు డబ్బు ఎవరిస్తారు, గొర్రెల దారి వదులుతారా. ఐదోది జేజినాయనది: లైను వంక పక్క బీడు మీద నుంచి కాకుండా రోడ్డు వెంబడి తీసుకుపోతారా, కుదరదంటే తీగకి ఆ తిరిగే బిళ్ళలైనా కడతారా.

మొదటి నాలుగింటికీ ఆయన వెంటనే చెప్పాడట. ఐదోది చదివి నవ్వి, పైవాళ్ళని కనుక్కుని చెప్తానన్నాడు. నెలన్నర అయింది. ఉగాదికి ఊరికి పోతున్నా. అప్పటికీ జవాబు రాకపోతే మళ్ళీ ఫోన్ చేయిస్తా. అప్పటికీ తేలకపోతే తొలకరికి కొర్ర వేస్తానంటున్నాడు చిన్నాయన, పందులు తిన్నా సరేనంట.